మెల్‌బోర్న్‌కు పోవాల్సిన కారం

ప్రసన్నకుమార్‌కు ఓటు లేదు. ముందు ఆ ముక్క చెప్పుకోవాలి, ఏదైనా ఆ తర్వాతే. పదకొండేళ్ల కిందట మెల్‌బోర్న్‌లో ఏదో జెండా ముందు చెయ్యెత్తి ప్రమాణం చేసి ఆ దేశపు మనిషైపోయాడు, ఆ ఫోటో ఊళ్లో అందరి ఫోన్లకూ వచ్చింది, వెంకయ్య గారి అబ్బాయి కోటేసుకుని ఎంత తెల్లబడ్డాడో చూశారా అని అమ్మలక్కలు మురిసిపోయారు. ఆ ఓటు లేని మనిషి ఊళ్లో సిమెంటు రోడ్డు ఎవరి హయాంలో పడిందో చెబుతాడు, ఏ వార్డులో ఎవరికి పింఛను ఆగిపోయిందో చెబుతాడు, ఆదివారం ఆదివారం లైవ్ పెట్టి రైతు కన్నీళ్లు అక్కణ్ణించే తుడుస్తాడు. ఓటున్న గౌస్ బాషా మాత్రం ఇదిగో, గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్ మేడమీది గదిలో, పిల్లలు కూర్చునే ఇరుకు బెంచీలో మోకాళ్లు పట్టక పక్కకు తిరిగి కూర్చుని, తాను రైతునే కానని లోకానికి చెప్పడానికి పన్నెండు ఎప్పుడవుతుందా అని గోడ గడియారం వంక చూస్తున్నాడు. పదకొండూ అయిదు. ఇక్కడ పన్నెండైతే అక్కడ సాయంత్రం అయిదున్నరట. ఆయనకు వీలైన పొద్దే పొద్దు.

ఆదివారం కాబట్టి గది ఖాళీ. ఏసీ ఉంది కానీ వెయ్యలేదు, ఒక్క కౌలోడి కోసం ఎందుకు దండగ అనుకున్నారు కాబోలు. ఫాను తిరుగుతోంది, తిరిగినప్పుడల్లా బెంచీ కిందనున్న గోతం లోంచి మిరపకాయల ఘాటు పైకి లేస్తోంది, ఫోన్ బిగించిన కడ్డీ దగ్గర నిలబడ్డ హెలెన్ ఇప్పటికి నాలుగుసార్లు తుమ్మింది. ఈ అమ్మాయి వారమంతా ఇక్కడ ఫీజులు కట్టించుకుంటుంది, ఆదివారం ప్రసన్నకుమార్ పేజీ చూసుకుంటుంది. మంచిదే పాపం, వచ్చీ రాగానే మంచినీళ్లిచ్చింది, బాషా గారూ అంటోంది. “మీరెంతవరకు చదివారండీ?” అనడిగింది, అయిదు అన్నాడు, అయితే పెద్దగా రాస్తాను కనపడేలా అని, తెల్లబోర్డు మీద ఎవరో మాస్టారు వేసి వదిలేసిన లెక్కలు గుడ్డతో తుడిచి నీలం సిరాతో అరచేతులంత అక్షరాలు రాయడం మొదలుపెట్టింది. ఆ లెక్కలు సరిగా చెరగలేదు, మాటల వెనకాల నీడల్లా కనబడుతూనే ఉన్నాయి. నా పేరు షేక్ గౌస్ బాషా. అది నిజమే. నేను కౌలు రైతును కాను. కూలికి వెళ్లేవాడిని. అవతలి పార్టీ వాళ్లు నా చేత అలా చెప్పించారు. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. పత్తికి తెల్లదోమ పట్టిన ఏడు బడి మానేశాడు, మళ్లీ బోర్డు మీదిది చదవమన్నవాళ్లు ఇన్నేళ్లకు వీళ్లే. అప్పుడు మాస్టారు తప్పు చదివితే కొట్టేవాడు. ఇక్కడ ఒప్పు చదవాలి, ఆ ఒప్పేమో తప్పు.

“నవ్వుతూ చెప్పండి బాషా గారూ. సీరియస్‌గా ఉంటే బెదిరించి చెప్పించాం అనుకుంటారు.”

నవ్వుతూనట. ఆ రోజు నవ్వుతూనే కదా చెప్పింది, నవ్వుతూ చెప్పినందుకే కదా ఇదంతా. ఆ గోతంలో ఉన్నది పది కిలోల తేజ రకం మిరప, మూడో కోత కాయ, తాలు కాయ ఒక్కటి లేకుండా షహనాజ్ రెండు రోజులు కూర్చుని ఏరి, తొడిమలు తీసి, ఎండబెట్టి కట్టింది. వేళ్లు మంటెక్కి రాత్రి మజ్జిగలో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఇది ఇంటి కారం. పొలం ఆసామి వెంకయ్య గారున్నప్పటి నుంచీ అంతే, కౌలు కాగితమంటూ ఏనాడూ లేదు, ఆఖరి కోత అయిపోయాక ఉగాది లోపల పది కిలోల కాయ ఇంటి కారానికి పట్టుకెళ్లాలి, పెద్దాయన అందులోంచి ఒక కాయ తీసి విరిచి వాసన చూసి, “సరే, దున్నుకో” అనాలి. ఆ మాటే కాగితం. కాయ లోపలికి వెళ్లిందంటే ఏడాది నీదే, ఆ ఏడాది పండినా ఎండినా. పంతొమ్మిది ఉగాదులు అలా కాయ లోపలికి వెళ్లింది. పెద్దాయన పోయి ఆరేళ్లు, అప్పటి నుంచి బ్రాడీపేటలో ఉండే కూతురు జయకుమారి గారు పుచ్చుకుంటోంది, ఈ మేడ ఆవిడదే, కింద వాకిట్లోనే కాయ మళ్లీ ఎండబోసి, మిల్లులో కారం పట్టించి, తమ్ముడికి మెల్‌బోర్న్‌కు పార్సిల్ వేస్తుంది. అక్కడి కారం కారమే కాదట. అంటే ఆ మనిషి లైవ్‌లో కూర్చుని మాట్లాడే ప్రతి మాటా ముందు రోజు గౌస్ బాషా కారం తిన్న నోట్లోంచే వస్తుందన్నమాట. వచ్చి ఎవరికి తగిలింది?

పదకొండూ ఇరవై. ఎవరో లిఫ్టు తలుపు వేశారు. వెంకయ్య గారు మంచివాడని కాదు, ఆయనా గట్టి మనిషే, కౌలు దగ్గర నలుసంత వదిలేవాడు కాదు, కానీ ఎదురుగా ఉండేవాడు, తిడితే ముఖాన తిట్టేవాడు, గట్టు మీద నిలబడి ఉమ్మేస్తే ఆ ఉమ్ము ఎక్కడ పడిందో కనపడేది. పొలం మొదట చేతికిచ్చినప్పుడు చెప్పాడు, “చూడరా గౌసూ, మూడెకరాల చిల్లర. ఆ చిల్లరే, తూర్పుపక్క ముప్పై ఆరు సెంట్లు, చవుడు, గడ్డి కూడా మొలవదు, దానికి నేను కౌలు అడగను, నువ్వూ అందులో విత్తనం పారబోసుకోకు.” అడగలేదు, నిజమే, చచ్చేదాకా అడగలేదు. కానీ ఆ తెల్లటి ముక్క రోజూ కళ్లల్లో పొడిచేది, మంచి నల్లరేగడి పక్కన బొల్లి మచ్చలాగా. నాలుగు వేసవులు ఎండిన చెరువు లోంచి మట్టి తోలాడు, బండెద్దుల్లో ఒకదానికి ఆ తోలకంలోనే నడుం పడిపోయింది, తర్వాత అద్దె ట్రాక్టరు, జీలుగ చల్లి కలియదున్నడం, మళ్లీ మట్టి, పేడ, మళ్లీ జీలుగ. అయిదో ఏట అందులో మిరప మొక్క నిలబడింది. మోకాలెత్తు. షహనాజ్‌ను తీసుకెళ్లి చూపించాడు, ఆమె ఆ మొక్క మొదట్లో మట్టి తీసి నాలిక మీద పెట్టుకుంది, ఉప్పు లేదు అంది. అంతకంటే పెద్ద బిరుదు ఈ జన్మకి ఎవరిస్తారు? ఆ మట్టి ఏ ప్రభుత్వం, ఏ పార్టీ హయాంలో తోలాడో ఎవడూ అడగలేదు. అది ఏ లైవ్‌లోనూ రాలేదు.

లైవ్. దాని తస్సదియ్యా. సంక్రాంతి వెళ్లిన తర్వాతి ఆదివారం, నల్లతామర పురుగు పూతను మాడ్చేసి పోయిన మడి మధ్యలో నిలబడి, మందు కొట్టే డ్రమ్ము మీద రాయి పెట్టి దానికి ఫోన్ ఆనించి, ప్రసన్నకుమార్ చెప్పినట్టే మొక్క పీకి చూపించాడు. వాట్సాప్‌లో ముందే చెప్పాడు, గౌస్, రైతు మాటలే మాట్లాడు, నీ మాటలు జనాలకు గుచ్చుకోవాలి అని. స్క్రీనులో ఒక పక్క తన ముఖం, ఇంకో పక్క ప్రసన్నకుమార్ ముఖం, వెనకాల పుస్తకాల అలమర. చూసేవాళ్లు డల్లాస్ నుంచి ఉన్నారట, దోహా నుంచి, డబ్లిన్ నుంచి, ఆ ఊళ్లన్నీ పేర్లు చదివి ఒక్కొక్కళ్లకీ నమస్కారం పెట్టాడు ఆయన, పక్క పొలంలో కాయ కోస్తున్న తోమా ఒక్కడికి తప్ప. అన్నీ బాగానే సాగాయి. చివర్లో ఆయన గొంతు బరువుగా పెట్టి అడిగాడు, “చెప్పు గౌస్, పోయినేడు తుఫానుకు పంటంతా మునిగింది. ఈ ప్రభుత్వం నీకు నష్టపరిహారం ఒక్క రూపాయైనా ఇచ్చిందా?” లేదు అనాలి. అదే ఆయన కావాలనుకున్నది, దానికే ఇంత పందిరి వేశాడు. కానీ ఎదురుగా ఉన్నది పెద్దాయన కొడుకు, తాను కుర్రతనంలో భుజానెక్కించుకుని జామకాయలు కోయించిన పిల్లాడు, ఇంటి మనిషితో మాట్లాడినట్టే నవ్వేసి అన్నాడు, “ఇవ్వకపోవడమేంటి బాబూ, వచ్చిందిగా, మీ ఖాతాలో పడిందిగా. అంతకు ముందేడూ మీకే పడింది. పంట మీ పేరునే రాస్తారు కదా.”

ఫిర్యాదు కాదది. ఆ మాట ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పినా ఎవడూ నమ్మడు. పొలం ఎవరి పేరు మీదుంటే పంటా వాళ్ల పేరు మీదే, పురుగు పడితే కౌలోడికి, పరిహారం పడితే ఆసామికి, వాన పడితే కిందికి పారినంత సహజం అది, ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిటా ఎవర్నడిగినా ఇదే చెబుతారు, దాని మీద ఎవడికి కోపం? కౌలు కార్డు మీద సంతకం పెట్టమని ఒకసారి అడిగితే, “అదెందుకు గౌస్, మన మధ్య కాగితాలెందుకు” అన్నాడు ప్రసన్నకుమార్, నిజమే కదా అనుకుని ఊరుకున్నాడు. ఆ రోజు స్క్రీనులో ఆయన ముఖం నవ్వు నవ్వుగానే గడ్డకట్టింది. నెట్‌వర్క్ అనుకున్నాడు గౌస్ బాషా, హలో బాబూ వినబడుతోందా అని రెండుసార్లు అరిచాడు కూడా. ఆ హలో కూడా వీడియోలో ఉంది. దానికే జనం ఎక్కువ నవ్వారట.

సాయంత్రానికల్లా ఆ ముక్క కత్తిరించి అవతలి పార్టీ వాళ్లు ఊరేగించారు. వాళ్లలోనూ ఊళ్లో ఉండేవాడు ఎవడూ లేడు. ఒకడు న్యూజెర్సీ, ఒకడు లండన్, అందరికంటే ముందు పంచినవాడు సొంత బామ్మర్ది మాలిక్, కువైట్‌లో ఒక అరబ్బు ఇంట్లో కారు నడుపుతాడు. అక్కడ యజమాని పిల్లాడు కారులో వాంతి చేసుకుంటే తుడుస్తూ నోరెత్తడు, ఎత్తితే విమానం ఎక్కిస్తారు, అందుకని అక్కడ మూసుకున్న నోరంతా ఇక్కడికి పంపిస్తాడు. “బావా, నువ్వు సింహానివి బావా! ఒక్క మాటతో వాడి లైవ్ లేపేశావ్!” అని ఫోన్‌లో అరిచాడు. “ఒరేయ్, ఆ లైవ్ కాదురా, పొలం లేచిపోయేట్టుంది” అంటే వినిపించుకోలేదు, వెనకాల ఏదో హారన్ మోత. రెండు రోజులు సింహం. ఎవడో సింహం బొమ్మకు గౌస్ బాషా ముఖం అతికించాడు. ఫోన్ పట్టుకుని కామెంట్లు చదువుదామంటే చీమల బారులా పైకి పాకిపోతున్నాయి, ఒకటి కూడబలుక్కునేసరికి అది నెత్తిమీంచి వెళ్లిపోతోంది, చాలాసేపటికి ఒక్కటి మొదటి నుంచి చివరిదాకా దొరికింది. వీడి పేరు చూడండి, పాకిస్తాన్ పంపండి అని ఉంది. టొరంటో నుంచి. అదొక్కటే చదవగలిగాడు. చదువు అయిదు దగ్గరే ఆగిపోవడం మంచిదే అనుకున్నాడు ఆ రోజు, ఇంకా ముందే ఆగిపోయుంటే ఇంకా మంచిది. మూడో రోజు ఇంకెవడో ఇంకేదో అన్నాడు, అందరూ అటు వెళ్లిపోయారు. అన్నా మేమున్నాం అన్న న్యూజెర్సీ అబ్బాయికి మొన్నీమధ్య షహనాజ్ చేత ఫోన్‌లో మెసేజ్ పెట్టించాడు, కౌలు తీసేసేట్టున్నారు, ఏమన్నా మాట సాయం చెయ్యగలవా అని. రెండు నీలం టిక్కులు వచ్చాయి. అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

పదకొండూ నలభై. నీలం టిక్కులు, నీలం అక్షరాలు. హెలెన్ ఇంకో వాక్యం రాస్తోంది, వీపు అడ్డం ఉంది, కనపడడం లేదు. పదిహేను రోజుల కిందట ఇదే గోతం పట్టుకుని కింద వాకిట్లో నిలబడ్డాడు. జయకుమారి గారు తలుపు సగం తీసి, “ఈసారి వద్దన్నాడయ్యా తమ్ముడు. తీసుకెళ్లిపో” అంది. అంతే. ఆవిడ ముఖంలో కోపం కూడా లేదు, పాలవాడికి ఈ పూట వద్దు అన్నట్టుంది. పంతొమ్మిదేళ్ల పొలం గుమ్మం దగ్గర ఆగిపోయింది. బస్సులో గోతం ఒళ్లో పెట్టుకుని వెనక్కి వెళుతుంటే పక్కవాడు ఘాటుకు దగ్గి, కాయ అమ్ముడుపోలా? అనడిగాడు. తర్వాత వారానికి తోమా వచ్చాడు. చిన్నప్పటి నుంచి పక్క పక్క చేలో పనిచేసినవాడు, క్రిస్మస్‌కు కేకు పంపేవాడు, రంజాన్‌కు సేమ్యా తాగేవాడు, వచ్చి అరుగు మీద కూర్చుని అసలు సంగతి చెప్పడానికి అరగంట పట్టింది. “ఒరేయ్ గౌసూ, నన్ను చేసుకోమని ఫోన్ చేశారురా. నేను కాదంటే పక్కూరోడు వస్తాడు. ఆదివారం దాకా చూస్తా, నువ్వు తేల్చుకో. తేలకపోతే సోమవారం ట్రాక్టర్ పెడతా, నన్ను తిట్టుకోమాక.” తిట్టుకోవడానికి ఏముంది, వాడికీ కడుపే. తిట్టుకున్నాడు, అది వేరే సంగతి.

మొన్న శుక్రవారం మెల్‌బోర్న్ నుంచి ఫోన్ వచ్చింది. “గౌస్, జరిగిందేదో జరిగింది. నాకు ఇక్కడ పార్టీ ప్రవాస విభాగంలో పెద్ద బాధ్యత ఇస్తున్నారు, ఆ వీడియో అడ్డం పడుతోంది. రెండు నిమిషాలు లైవ్‌లోకి రా, హెలెన్ చెప్పినట్టు చెప్పేయ్. అక్క కారం తీసుకుంటుంది. పొలం ఎక్కడికి పోతుంది, నీదే కదా.” నీదే కదా అన్నాడు! నాది కాదని చెబితే నాదవుతుంది. ఇంత వింత బేరం మిర్చి యార్డులో గుడ్డ కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చే దళారులు కూడా ఆడరు. ఇంటికొచ్చి షహనాజ్‌తో అంటే ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే అంది, “నోటితో పోగొట్టుకున్నావు, నోటితోనే తెచ్చుకో. ఆ రోజు నిజం చెప్పి ఏం బావుకున్నావు, ఈ రోజు అబద్ధం చెబితే ఏం పోతుంది?” పోదు. ఏమీ పోదు. దారి పొడుగునా బస్సులో అదే అనుకుంటూ వచ్చాడు, ప్రత్తిపాడు దాటేదాకా పెదవులు కదుపుతూనే ఉన్నాడు, నేను కౌలు రైతును కాను, కూలికి వెళ్లేవాడిని, కిటికీ లోంచి పత్తికట్టెలు కాలుతున్న పొగ, కూలికి వెళ్లేవాడిని, కూలీవాడు చెరువు మట్టి తోలతాడా? కూలీవాడి పెళ్లాం మట్టి నాలిక మీద పెట్టుకుంటుందా? ఎందుకొచ్చిన గోల, చెప్పెయ్యాలి. సోమవారం ట్రాక్టరు. చెప్పెయ్యాలి.

“బాషా గారూ, చొక్కా పై గుండీ పెట్టుకోండి. లైటు వేస్తున్నా.”

గుండ్రటి లైటు వెలిగింది, కళ్లు చికిలించాడు, అది నెమ్మదిగా మామూలైంది. లైటు మధ్య ఫోన్, ఫోన్ వెనక బోర్డు, ఫోన్‌లో పుస్తకాల అలమర, దాని ముందుకు ప్రసన్నకుమార్ వచ్చి కూర్చున్నాడు. కొంచెం లావెక్కాడు. నుదురు అచ్చం పెద్దాయనది. ఊళ్ల పేర్లు చదువుతున్నాడు, డల్లాస్, దోహా, డబ్లిన్, కువైట్, ఆ కువైట్‌లో మాలిక్ కూడా దొంగ పేరుతో చూస్తూనే ఉంటాడు, నవ్వడానికో కత్తిరించడానికో. న్యూజెర్సీ కూడా చూస్తుంటుంది. ఏం చెప్పినా ఎవడో ఒకడు కత్తిరించుకుంటాడు, కాయ తొడిమ తీసినట్టు, ఎవడి ముక్క వాడికి, మిగిలింది కల్లంలో ఊడ్చేస్తారు. గోతం కాలికి తగిలింది. “మిత్రులారా, జనవరిలో జరిగిన దుష్ప్రచారం మీ అందరికీ తెలుసు. ఆ రైతు కూలీ సోదరుణ్ణే ఈ రోజు మీ ముందుకు తీసుకొచ్చాను. నమస్కారం గౌస్.”

“నమస్కారం బాబూ. నా పేరు షేక్ గౌస్ బాషా.” నవ్వాడు కూడా. హెలెన్ బొటనవేలు ఎత్తి చూపించింది.

“గౌస్, సూటిగా అడుగుతున్నా, జనాలకు క్లారిటీ రావాలి. మా పొలం నువ్వు కౌలుకు చేస్తున్నావని ప్రచారం చేశారు. అసలు నువ్వు మా పొలం ఎంత కౌలుకు చేశావు?”

ఇది ముందు అనుకున్న ప్రశ్న కాదు, లేకపోతే దీనికేనేమో ఆ అమ్మాయి ఇందాక చివరి వాక్యం రాసింది. పక్కకు జరిగింది, ఇప్పుడు కనపడుతోంది. కూడబలుక్కున్నాడు. సెం, టు. సెంటు. కూ, డా. సెంటు కూడా చేయలేదు. చదవడం అయ్యేసరికి చివరి మాట మసకైపోయింది, లైటు వల్ల కావచ్చు, ఆ అక్షరం వెనక సరిగా చెరగని పాత లెక్క, చుట్టూ బోర్డు తెల్లగా, చవుడు ముక్కలా తెల్లగా, అందులో మోకాలెత్తు మొక్క. నోరు తెరిచాడు, చెప్పెయ్యాలి, సోమవారం ట్రాక్టరు, షహనాజ్ చేతులు మజ్జిగలో, చెప్పెయ్యాలి. హెలెన్ బోర్డు మీద వేలితో కొట్టి చూపిస్తోంది. డబ్లిన్, దోహా, డల్లాస్ ఎదురుచూస్తున్నాయి. ప్రసన్నకుమార్ నవ్వు అలాగే నిలబడి ఉంది.

“ఎంత గౌస్?”

“మూడెకరాల ముప్పై ఆరు సెంట్లు.”